ముగింపు చూడకుండా వచ్చేసిన సినిమాలు

3, సోమవారం

తెర మీద హత్యలు మూడు. నాలుగోది నా మధ్యాహ్నం.

డిటెక్టివ్ అనే ఆ పెద్దమనిషి గడ్డం గీసుకోడు, తిండి తినడు, కట్టుకున్నదానితో మాట్లాడడు. ఎప్పుడు చూసినా కిటికీ దగ్గర నిలబడి వర్షాన్ని చూస్తుంటాడు. సాక్ష్యం మాత్రం ఆయన వచ్చేదాకా సోఫా కింద బుద్ధిగా కూర్చుని ఉంటుంది. తలపిన్ను. పదిమంది పోలీసులు పాకినా దొరకనిది, ఈయన ఇలా వంగగానే తళుక్కున మెరుస్తుంది. చచ్చిన ముగ్గురూ మేడలున్నవాళ్ళే. పనిచేస్తూ చచ్చినవాడి మీద ఎవడూ ఇలాంటి సినిమా తీయడు. అందులో సస్పెన్సు ఉండదుగా, ఎవరు చంపారో ఊరందరికీ తెలుసు.

ఇంకో ఇరవై నిమిషాలు ఉందనగా లేచి వచ్చేశాను. హంతకుడెవరో నాకు ముందే తెలిసిపోయింది. తెలిసిన దాని కోసం కూర్చోవడం బానిస బుద్ధి.

తీర్పు: చెత్త.

అక్క ఆ హాల్లోనే టికెట్ కిటికీలో కూర్చుంటుంది. షెడ్డు తెరిచేదాకా రోజుకో పాసు ఇస్తానంది. ఇంట్లో నా మొహం చూడలేక అనుకుంటాను.

నేను పనిచేసే షెడ్డు మూసి నాలుగు రోజులైంది. రంగు డబ్బాల మూతలు కొట్టే ప్రెస్సు కింద, కనబడిందల్లా జానలేసి కొలిచే కొలతల మావయ్య కుడిచెయ్యి పడింది. చూపుడు వేలూ నడిమి వేలూ పోయాయి. పదిహేడున విచారణ. బటన్ నిద్రపుచ్చింది ఎవరో తేలాలట. మావయ్యే అని తేలితే తప్పు ఆయనదే అవుతుంది, ఇరవై రెండేళ్ళ ఉద్యోగం ఊడుతుంది. ఆ చేత్తో ఆయనకి ఇంకెవడు పనిస్తాడు?

నేను ఆ సమయంలో కుళాయి దగ్గర ఉన్నాను.

4, మంగళవారం

సినిమాకి పోలేదు. రోజంతా గోడ చూశాను. సినిమాయే నయం.

6, గురువారం

హాస్యచిత్రమట. నిచ్చెన మోసుకొచ్చేవాడు ఒకడు, అరటితొక్క కూడా లేకుండానే జారేవాడు ఒకడు. ఇద్దరూ కలిసి నీలం రంగు డ్రమ్ములో పడతారు. హాలు దద్దరిల్లిపోయింది. నా ముందు వరసలో కూర్చున్నవాడు నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. తర్వాత నత్తివాణ్ణి చూసి నవ్వారు. లావుగా ఉన్నావిడ కుర్చీలో ఇరుక్కుంటే నవ్వారు. సాటి మనిషి పడితే నవ్వే జనంతో ఏ మార్పు తెస్తాం? నా కరపత్రాల్లో ఒకదాంట్లో ఉంది: అణచబడినవాడు తన గాయాన్ని చూసి తానే నవ్వేలా చేయడమే అణచేవాడి అసలు విజయం. ఈ వాక్యాన్ని ఆ డ్రమ్ము మీద రాయాలి.

నత్తివాడి పెళ్ళి కుదిరే వేళకి బయటికి వచ్చేశాను.

అక్క కిటికీలోంచి చూసింది. ఏ సినిమాకైనా చివర చూసిన మొహమేనా నీది, అని అడిగింది. చివర చూడనక్కర్లేదు, అందరూ ఒకే ఫ్రేములో నిలబడి పళ్ళికిలిస్తారు అన్నాను. చివర చూడనివాడికి తిట్టే హక్కెక్కడిది అంది. ఆట మొదలయ్యాక కిటికీ దగ్గర జనం ఉండరు, అందుకని దానికి కబుర్లు కావాలి. బటన్ నిద్రపుచ్చడం అంటే ఏంట్రా, వీధిలో అందరూ అదే అంటున్నారు అని అడిగింది.

చెప్పాను. ప్రెస్సుకి కుడిపక్కన ఒక బటన్, ఎడంపక్కన ఒక బటన్. రెండూ ఒకేసారి నొక్కితేనే దిగుతుంది. చేతులు రెండూ బటన్ల మీద ఉంటే ప్రెస్సు కింద ఉండవు, అదీ దాని తెలివి. కుడి బటన్ సందులో ఏదైనా దోపితే అది నొక్కినట్టే పడి ఉంటుంది. అదే నిద్రపుచ్చడం. ఇక ఎడం చేత్తో నొక్కుతూ కుడి చేత్తో రేకులు పెట్టి తీయొచ్చు. గంటకి నూట యాభై మూతలు కాస్తా రెండొందలవుతాయి. షెడ్డులో అందరూ చేసేదే. ఒకడు అగ్గిపుల్ల, ఒకడు గుడ్డపీలిక. సూపర్‌వైజరు ఈలాయనకి తెలుసు. తనిఖీకి ఎవరైనా వస్తుంటే గేటు దగ్గర్నుంచే ఈల వేస్తాడు, అందరం లాగేస్తాం. అందుకే ఆయన ఈలాయన.

"అయితే మావయ్య కూడా పెట్టాడన్నమాట" అంది.

మావయ్య ఎప్పుడూ పెట్టడు, షెడ్డు మొత్తానికి పెట్టనిది ఆయనొక్కడే అన్నాను. అనేశాక నోరు మూసుకున్నాను.

"మరి ఎవరు పెట్టార్రా?"

నేను కుళాయి దగ్గర ఉన్నానని చెప్పాను. నువ్వెక్కడున్నావని నేనడగలేదు అంది.

తీర్పు: చెత్త. సినిమా గురించి అంటున్నాను.

8, శనివారం

మావయ్య ఇంటి సందు మొదటిదాకా వెళ్ళాను. అత్తయ్య గుమ్మం ముందు తీగ మీద చొక్కాలు ఆరేస్తోంది. చొక్కాలన్నిటికీ కుడి చేతులు మోచేతి దాకా కత్తిరించి కుట్టేసి ఉన్నాయి, కట్టు పట్టడానికి.

పని గుర్తొచ్చి వెనక్కి వచ్చాను.

9, ఆదివారం

ఈసారిది మరీ దగుల్బాజీ సినిమా. హంతకుడు ఎవరయ్యా అంటే, చచ్చినవాడి ప్రాణస్నేహితుడు. అందరికంటే ముందు ఏడ్చేది వాడు. శవాన్ని మోసేది వాడు. న్యాయం కావాలని వీధిలో నిలబడి అరిచేదీ వాడే. ఇంతకంటే చవకబారు ఊహ ఉంటుందా? నోరున్నవాడే నేరం చేసినవాడని జనానికి నూరిపోయడం కాక ఇదేంటి? ఇలాంటి కథలు రాసేవాడికి పనిచేసేవాళ్ళ మధ్య ఒక్క పూట గడిపిన అనుభవం కూడా ఉండదు. నిజంగా న్యాయం కోసం అరిచేవాడు ఎవడైనా సరే ఈ హాలుకి నిప్పు పెట్టాలి.

ఇంటర్వెల్‌కే వచ్చేశాను.

ఇంటికొచ్చి గూట్లో కరపత్రాలు సర్దాను. మొత్తం పద్దెనిమిది ఉండాలి. పదిహేడు ఉన్నాయి. లెక్కపెట్టకముందే నాకు తెలుసు.

లేనిది ఆకుపచ్చ కాగితం మీద అచ్చేసినది. "యంత్రం విలువెంత, మనిషి విలువెంత?" కాగితం దళసరి. ఎనిమిది మడతలు పెడితే బటన్ సందులో సరిగ్గా పడుతుంది. అగ్గిపుల్లలా జారిపోదు.

ఆ మిషను నాది. తిండి గంట కొట్టగానే లేచిపోయాను, తీయలేదు. తిండి వేళ అయిపోయాక కూడా కుళాయి దగ్గర నలుగురిని పోగేసి యంత్రానికి మనం బానిసలం కాదని చెబుతున్నాను. బాగా చెబుతున్నాను. నలుగురూ వింటున్నారు. మావయ్య మిషనుకి అచ్చు మారుస్తున్నారు, ఖాళీగా ఉన్నాడు. నా మిషను ఆగి ఉంటే ఈలాయన నాకు ఆలస్యం రాస్తాడని నా సీట్లో కూర్చున్నాడు. కుడి చేత్తో రేకు పెట్టాడు. ఎడమ చెయ్యి అలవాటుకొద్దీ ముందే బటన్ మీద ఉంది.

కుళాయి దగ్గర ఉన్నాననేది అబద్ధం కాదు.

11, మంగళవారం

ఈలాయన పిలిపించాడు. ఆగిన షెడ్డు నేనెప్పుడూ చూడలేదు. పన్నెండు ప్రెస్సులు, చప్పుడు లేదు. నేల మీద రేకు ముక్కలు ఊడ్చలేదు. నా మిషను చుట్టూ తాడు కట్టారు. కింద కడిగినచోట మాత్రం సిమెంటు తెల్లగా ఉంది.

ఈలాయన టీ తెప్పించాడు. నాకు ఎప్పుడూ తెప్పించలేదు. నువ్వు చదువుకున్న కుర్రాడివి, నీ మాటకి విలువుంటుంది అన్నాడు. ఇన్నాళ్ళూ నన్ను వాగుడుకాయ అన్నది ఆ నోరే.

"ఏముందయ్యా, కూర్చోబోయే ముందు ఆయనే బటన్ దగ్గర ఏదో సర్దుకున్నాడు, నువ్వు కుళాయి దగ్గర్నుంచి చూశావు. ఆ ఒక్కటి చెబితే చాలు. షెడ్డు తెరుచుకుంటుంది, అందరి పొయ్యీ వెలుగుతుంది."

అక్కడ దొరికిందేమైనా ఉందా అని అడిగాను. ఏమీ లేదు, సందు ఖాళీగా ఉంది, దోపింది ఆయనే లాగేసి ఉంటాడు అన్నాడు.

ఆయన మొహాన టీ కొట్టి ఉండాల్సింది. సినిమాల్లో అయితే కొడతారు. నేను ఆలోచించి చెబుతానన్నాను. టీ తాగాను కూడా.

12, బుధవారం

సందు ఖాళీగా ఉందట.

13, గురువారం

మధ్యాహ్నం ఆటకి వెళ్తే టికెట్ కిటికీ దగ్గర కొలతల మావయ్య నిలబడి ఉన్నాడు. కట్టు కట్టిన చెయ్యి గుండెల మీద పసిపిల్లలా ఉంది. కిటికీ చట్రం ఎంత ఎత్తుందో ఎడం చేత్తో జానలు వేసి అక్కకి చెబుతున్నాడు. ఇది నాలుగు జానలే, నీ మెడ వంకరపోతుంది అమ్మాయ్, ఇంకో బెత్తెడు లేపమను అంటున్నాడు. పారిపోదామనుకున్నాను. అక్క నన్ను చూసి రెండు పాసులు బయటపెట్టింది. వాడొచ్చాడు మావయ్యా, వీడితో వెళ్ళు, నీకు కథ మధ్యలో పాఠం కూడా చెబుతాడు అంది.

ఆ నీలం డ్రమ్ము సినిమాయే. మళ్ళీ.

మావయ్య నవ్వాడు. వాళ్ళిద్దరూ డ్రమ్ములో పడినప్పుడు ఒళ్ళు కదిలేలా నవ్వాడు. చప్పట్లు కొట్టబోయి కట్టు చూసుకుని ఎడం చేత్తో తొడ మీద కొట్టుకున్నాడు. నాకు అసహ్యం వేసింది. ఆ నవ్వు మీద, ఆ హాలు మీద, ఆ తీసినవాడి మీద. ఇందులో నవ్వడానికి ఏముందని అడిగాను.

"ఆ డ్రమ్ము రెండు మూరలు లేదురా. వాడు నిలువునా మునిగాడు. అంటే కింద గొయ్యి తవ్వి పెట్టారు. నాకు తెలిసిపోయింది, అదే నవ్వొస్తోంది."

ఇంటర్వెల్‌లో దీపాలు వెలిగాయి. మావయ్య ఎడం చెయ్యి జేబులో పెట్టి ఆకుపచ్చ కాగితం తీసి నా ఒళ్ళో పెట్టాడు. ఎనిమిది మడతలు అలాగే ఉన్నాయి. రక్తం మరక కూడా లేదు. ఒక మూల కొంచెం గ్రీజు, అంతే. సినిమావాళ్ళయితే మరక పెట్టేవాళ్ళు.

"నీదేగా" అన్నాడు.

విప్పకుండానే దాన్ని నా జేబులో పెట్టుకున్నాను.

"షెడ్డులో కాగితాన్ని అంచుకి అంచు కలిపి మడిచేవాడివి నువ్వొక్కడివే. చెయ్యి పట్టుకుని కూలబడితే ఇది కళ్ళెదురుగా కనబడింది. ఎడం చేత్తో లాగేశాను. ఎందుకంటే ఏమో. కాగితం దొరికితే నువ్వు దొరుకుతావు, అంతే తట్టింది."

విచారణలో ఏం చెబుతావని అడిగాను. గుర్తులేదంటాను, అంతకుమించిన అబద్ధం నా వల్ల కాదు అన్నాడు. గుర్తులేదంటే నీ మీదే రాస్తారు మావయ్యా అన్నాను. రాస్తే రాస్తారు, నాకు యాభై నాలుగు, నీకు ఇరవై మూడు, ఎవరిది ఎంత మిగిలిందో కొలుచుకో అన్నాడు. తర్వాత కట్టు పైకెత్తి చూపించి, జానకి బొటనవేలూ చిటికెనవేలూ చాలు, ఆ రెండూ ఉన్నాయి, బెత్తెడే ఇక ఈ చేత్తో కుదరదు అని తనే నవ్వాడు.

దీపాలు ఆరాయి. తెర వైపు చూస్తూ అన్నాడు.

"నేను నిన్నేమీ అనను. రెండు వారాలైంది. ఒక్కసారి ఇంటికొస్తావనుకున్నాను."

తెర మీద నత్తివాడు ఏదో అన్నాడు. అందరూ నవ్వారు.

లేచి వచ్చేశాను. గేటు దాటాక గుర్తొచ్చింది, మెట్ల దగ్గర చీకటి, ఆయనకి పట్టుకోవడానికి ఒక్క చెయ్యే ఉంది.

వెనక్కి పోలేదు.

తీర్పు:

14, శుక్రవారం

అక్క మాట్లాడటం లేదు. మావయ్యని తనే ఇంటిదాకా దింపి వచ్చిందట. కిటికీ మూసేసి.

15, శనివారం

విచారణలో చెప్పాల్సింది రాసుకోవడం మొదలుపెట్టాను. రెండు పేజీలు వచ్చింది. మొదటి వాక్యం: "ఈ ప్రమాదం ఒక మనిషి చేసింది కాదు, ఒక వ్యవస్థ చేసింది." బాగుంది.

16, ఆదివారం

పొద్దున చదువుకుంటే రెండు పేజీల్లో "నేను" అనే మాట ఎక్కడా లేదు. చివరికి ఒకచోట ఇరికించాను.

17, సోమవారం

విచారణ షెడ్డు పక్కన భోజనాల గదిలో పెట్టారు. బల్లలు గోడకి జరిపి ఒక్కటే మధ్యలో ఉంచారు. దాని వెనక ఆఫీసరు, కళ్ళజోడాయన. పక్కన గుమాస్తా, మూడు కాగితాలు, మధ్యలో రెండు కార్బన్లు. గోడవారగా ఈలాయన, ఈల చొక్కా జేబులో. ఆఖరి బల్ల మీద మావయ్య.

ముందు మావయ్యని అడిగారు. బటన్‌లో ఏదైనా పెట్టావా అంటే గుర్తులేదండి అన్నాడు. మూడుసార్లు అడిగితే మూడుసార్లూ అదే. కొలిచినట్టు ఒకే గొంతుతో. గుమాస్తా రాసుకుని కాగితాలు మార్చాడు.

తర్వాత నేను. నిలబడి చెప్పాను. వ్యవస్థతో మొదలుపెట్టాను. గంటకి రెండొందల మూతలు అడిగేది ఎవరు, అగ్గిపుల్లలు చూసీ చూడనట్టు పోయేది ఎవరు, తనిఖీ వస్తే ఈల వేసేది ఎవరు అని అడిగాను. లోహాన్ని కాదు మనిషిని అచ్చు వేస్తున్నారు అన్నాను. చాలా బాగా చెప్పాను, కుళాయి దగ్గర చెప్పినదానికంటే బాగా చెప్పాను. మధ్యలో ఎక్కడో ఒక ఊపులో ఆ కాగితం కూడా నాదేనన్నాను, ఆగకుండా దాటిపోయాను. ఆఫీసరు కళ్ళజోడు తుడుచుకున్నాడు. గుమాస్తా తల వంచి గబగబా రాస్తున్నాడు. అయిపోయాక నా ఒళ్ళంతా వేడిగా ఉంది.

గుమాస్తా కాగితాలు విడదీశాడు. రెండోది తెల్లగా ఉంది. మూడోదీ తెల్లగానే. మొదటి కాగితం తిప్పి చూస్తే నా మాటలన్నీ దాని వీపు మీద ఎదురు తిరిగి అచ్చయి ఉన్నాయి, అద్దంలో చూసినట్టు.

"కార్బన్ తిరగేసి పెట్టాను సార్. మూడు కాపీలు కావాలి. అబ్బాయ్ మళ్ళీ చెప్పాలి."

ఆఫీసరు నా వైపు చూశాడు. అంత పొడుగు వద్దు, జరిగింది చెప్పు అన్నాడు. గుమాస్తా ఈసారి కార్బన్ రెండుసార్లు తిప్పి చూసుకుని పెట్టాడు. కలం పట్టుకుని ఎదురుచూశాడు. అతని చూపుడు వేలు కలం మీద ఆనించి ఉంది. అదే చూశాను.

జేబులోంచి ఆకుపచ్చ కాగితం తీసి బల్ల మీద పెట్టాను.

"కుడి బటన్‌లో ఈ కాగితం పెట్టింది నేను. తీయకుండా వెళ్ళింది నేను. ఆయన కూర్చుంది నా మిషను మీద, నా కోసం. అది నిద్రలో ఉందని ఆయనకి తెలియదు."

గుమాస్తా రాశాడు. ముందు చెప్పినదంతా కూడా దీని కింద రాయమంటావా అని అడిగాడు. ముందు ఇది రాయండి, ఈల సంగతి తర్వాత అన్నాను. ఆఫీసరు కళ్ళజోడు పెట్టుకుని, ఈల ఏంటి, అని అడిగాడు. నా రెండు పేజీలప్పుడు వినలేదన్నమాట. చెప్పాను, రెండు ముక్కల్లో. ఈలాయన చెయ్యి జేబు మీదికి పోయింది.

అందరి ముందూ ఆఫీసరు మావయ్య వైపు చూసి చదివాడు: ప్రమాదంలో ఈయన తప్పు లేదు. సూపర్‌వైజరు రేపు ఉదయం హాజరు కావాలి. నన్ను మాత్రం ఈ రోజు నుంచే రావద్దన్నారు. గేటు దగ్గర నా బిళ్ళ ఇచ్చేశాను. ఇరవై ఎనిమిదో నంబరు.

మావయ్య గేటు బయట నిలబడి ఉన్నాడు. కోపంగా ఉన్నాడు, నేనెప్పుడూ చూడనంత. నేను దాచింది ఎందుకురా, నువ్వు బయట పెట్టడానికా అన్నాడు. సగం దారి నాకంటే నాలుగడుగులు ముందే నడిచాడు. ఆయన ఇంటి సందు మొదట్లో ఆగి, వస్తావా, ఇక్కడ్నుంచే పోతావా అని అడిగాడు.

వెళ్ళాను. అత్తయ్య నాకు నీళ్ళిచ్చి, ఆయన చొక్కా గుండీలు విప్పడానికి వెళ్ళింది.

18, మంగళవారం

అక్క కిటికీలోంచి రెండు పాసులు తోసింది. మాటలు ఇంకా పూర్తిగా మొదలుపెట్టలేదు.

మళ్ళీ నీలం డ్రమ్ము. మావయ్యకి అదే కావాలట. మెట్ల మీద ఆయన ఎడం చెయ్యి నా భుజం మీద వేసుకున్నాడు. నిచ్చెనవాడు పడ్డాడు. జారేవాడు పడ్డాడు. నత్తివాడి మీద వేసిన జోకులు మూడోసారి వింటే ఇంకా నీచంగా ఉన్నాయి. లావుపాటావిడ ఇరుక్కున్న కుర్చీ ముందే కోసి అతికించిందని మావయ్య కనిపెట్టి నాకు చూపించాడు. నేను నవ్వలేదు. నత్తివాడి పెళ్ళి కుదిరింది, అందరూ ఒకే ఫ్రేములో నిలబడి పళ్ళికిలించారు. సరిగ్గా నేను చెప్పినట్టే. తర్వాత పేర్లు పడ్డాయి. నిచ్చెన పట్టుకున్నవాళ్ళవి, దీపాలు మోసినవాళ్ళవి, డ్రమ్ము కింద గొయ్యి తవ్వినవాడిది కూడా ఉండే ఉంటుంది. చిన్న అక్షరాలు, గబగబా పోయాయి.

తీర్పు: చెత్త. చివరిదాకా కూర్చున్నాను.